గ్రామసభ తీర్మానము, ప్రజాపనుల నిధులు (ఏటూరునాగారం)

గ్రామసభ తీర్మానము అనగా ఒక గ్రామములోని ఓటర్లందరు సభగా కూడి, తమ ఊరికి కావలసిన రోడ్డు, మంచినీటి పథకము, చెరువు కట్ట, కల్వర్టు, బడి భవనము వంటి పనులపై ప్రకటించే సామూహిక నిర్ణయము. అమెరికాలోని అనేక రాష్ట్రాలలోను, స్విట్జర్లాండులోను ఒక ప్రాంతపు ప్రజలు రోడ్లకు, రైలు మార్గాలకు కావలసిన పన్నును లేక రుణాన్ని బ్యాలెట్టుపై ఓటు వేసి నేరుగా ఆమోదించే పద్ధతి ఉన్నది. భారతదేశములో ఆ పద్ధతి లేదు. దానికి అతి దగ్గరగా ఉన్నది గ్రామసభ. ఐదవ షెడ్యూలు ప్రాంతాలలో పెసా చట్టము ద్వారా ఈ సభకు మైదాన ప్రాంతాలలో కంటె ఎక్కువ అధికారము లభించినది.

పూర్వపు వరంగల్ జిల్లాలోని ఏటూరునాగారం ఏజెన్సీ ఇటువంటి ప్రాంతాలలో ఒకటి. ఇక్కడి గ్రామసభ పనిని ఎంచుకొనగలదు, ఆమోదించగలదు, ఖర్చు సక్రమముగా జరిగినదో లేదో ధ్రువీకరించగలదు. అయితే ఆ పనికి కావలసిన డబ్బును సమకూర్చే అధికారము మాత్రము దాదాపుగా దాని చేతిలో లేదు. ఈ వ్యాసము ఆ వ్యవస్థ యొక్క చట్టపరమైన ఆధారాన్ని, నిధులు వచ్చే మార్గాలను, దాని పరిమితులను వివరిస్తుంది.

ఏటూరునాగారం ప్రాంతము

ఏటూరునాగారం గోదావరి నది కుడి ఒడ్డున ఉన్న మండల కేంద్రము. వరంగల్ నగరము నుండి సుమారు 100 కి.మీ. దూరములో ఉన్నది. పూర్వము వరంగల్ జిల్లాలో ఉండిన ఈ మండలము 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరినది. 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన ములుగు జిల్లాలో తరువాత భాగమైనది. 2016లోనే ఈ మండలము నుండి కొన్ని గ్రామాలను విడదీసి కన్నాయిగూడెం మండలాన్ని ఏర్పరచినారు.

ప్రాంతములో అధిక భాగము అడవి. ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యము సుమారు 800 చదరపు కి.మీ. విస్తీర్ణములో వ్యాపించి ఉన్నది. కోయలు ఇక్కడి ప్రధాన గిరిజన తెగ. నాయకపోడు కుటుంబాలు కూడా ఉన్నవి. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో సాల్వా జుడుం కాలపు హింస వలన వలస వచ్చిన గుత్తికోయలు అడవి లోపల గూడేలు కట్టుకొని నివసిస్తున్నారు. ఇక్కడి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఐదవ పంచవర్ష ప్రణాళిక కాలములో మొదలైన గిరిజన ఉపప్రణాళిక విధానము కింద ఏర్పడినది.

మౌలిక సదుపాయాల సమస్య ఇక్కడ ప్రధానముగా వాగుల సమస్య. మేడారం మీదుగా వచ్చే జంపన్నవాగు ఏటూరునాగారం మండలములో ప్రవహించి గోదావరిలో కలుస్తుంది. వానాకాలములో వాగులు పొంగినపుడు అనేక గూడేలకు రాకపోకలు నిలిచిపోతాయి. గర్భిణులను, రోగులను మంచముపై మోసుకొని వాగు దాటించవలసి వస్తుంది. 2022 జులైలో గోదావరికి భారీ వరద వచ్చి, భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినపుడు ఏటూరునాగారం పరిసర గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించినారు. 2023 జులై చివరలో జంపన్నవాగు ఉప్పొంగి కొండాయి గ్రామాన్ని ముంచెత్తగా పలువురు ప్రాణాలు కోల్పోయినారు. కనుక ఏ వాగుపై వంతెన ముందు కట్టవలెను, ఏ గూడేనికి రోడ్డు ముందు వేయవలెను అన్న ప్రశ్న ఇక్కడ ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

ఇతర దేశాలలో ఓటు ద్వారా నిధులు

అమెరికాలో నగరాలు, కౌంటీలు, ప్రత్యేక రవాణా సంస్థలు ఒక నిర్దిష్టమైన పన్నును లేక బాండ్లను ప్రతిపాదించి, వాటిని సాధారణ ఎన్నికల బ్యాలెట్టుపై ప్రశ్నగా ఉంచుతాయి. పన్ను ఎంత, ఎన్ని సంవత్సరాలు, ఏ ఏ పనులకు అన్న వివరాలు ఓటరుకు ముందుగానే తెలుపబడతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు బార్ట్ రైలు వ్యవస్థ ఇట్లే మొదలైనది. 1962 నవంబరులో మూడు కౌంటీల ఓటర్లు 79 కోట్ల 20 లక్షల డాలర్ల బాండ్లను ఆమోదించినారు. దానికి 60 శాతము ఓట్లు అవసరము కాగా, కేవలము ఒక శాతము పైచిలుకు ఆధిక్యముతో ప్రతిపాదన గట్టెక్కినది.

కాలిఫోర్నియాలో 1978లో ఆమోదము పొందిన 13వ ప్రతిపాదన తరువాత స్థానిక సంస్థలు ప్రత్యేక పనుల కొరకు పన్ను వేయవలెనన్న మూడింట రెండు వంతుల ఓట్లు తప్పనిసరి అయినవి. 2008లో లాస్ ఏంజిలెస్ కౌంటీ, 2016లో శాంటాక్లారా కౌంటీ ఈ గడపను దాటి రవాణా పనులకు అర సెంటు అమ్మకపు పన్నును ఆమోదించినవి. తెలుగువారు అధికముగా నివసించే ప్రాంతాలలో శాంటాక్లారా కౌంటీ ఒకటి. అమ్మకపు పన్నును అక్కడ వస్తువు కొన్న ప్రతివారు చెల్లిస్తారు. ఓటు హక్కు మాత్రము అమెరికా పౌరసత్వము పొందినవారికే ఉన్నది.

స్విట్జర్లాండులో 1992లో ఆల్ప్స్ పర్వతాల కింది రైలు సొరంగాల పథకాన్ని, 1998లో దానికి నిధుల ఏర్పాటును ప్రజలు ఓటు ద్వారా ఆమోదించినారు. ఆ పథకములోని గోట్‌హార్డ్ సొరంగము 2016 జూన్‌లో ప్రారంభమైనది.

ఈ పద్ధతిలో ఓటరు పనికి, పన్నుకు కలిపి ఒకేసారి సమ్మతి తెలుపుతాడు. వసూలైన డబ్బును వేరొక పనికి మళ్ళించుట కష్టము. విమర్శకులు చెప్పే లోపాలు కూడా ఉన్నవి. అమ్మకపు పన్ను భారము పేదలపై ఎక్కువగా పడుతుంది. ప్రచారానికి ధనము ఉన్న వర్గాల మాట చెల్లుతుంది. తక్కువ జనాభా గల మారుమూల ప్రాంతాలు ఓట్ల లెక్కలో వెనుకబడతాయి.

ఓటర్లు నేరుగా పన్నును ఆమోదించకుండ, ఉన్న బడ్జెటులో పనుల ప్రాధాన్యతను నిర్ణయించే మరియొక పద్ధతి బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరములో 1989లో మొదలైనది. భారతదేశములో కేరళ రాష్ట్రము 1996లో ప్రారంభించిన ప్రజా ప్రణాళిక ఉద్యమములో రాష్ట్ర ప్రణాళికా నిధులలో మూడవ వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించి, గ్రామసభలలో చర్చ ద్వారా పనులను రూపొందించినారు.

భారతదేశములో రాజ్యాంగ స్థితి

భారత రాజ్యాంగము ప్రకారము చట్టము యొక్క ఆధారము లేక ఏ పన్నును విధించరాదు (265వ అధికరణము). కేంద్ర బడ్జెటును పార్లమెంటు, రాష్ట్ర బడ్జెటును శాసనసభ ఆమోదిస్తాయి. పన్నుపై గాని, ఖర్చుపై గాని ప్రజల ప్రత్యక్ష ఓటు కోరే నిబంధన రాజ్యాంగములో లేదు. 1948లో జునాగఢ్‌లో, 1975లో సిక్కింలో ప్రజాభిప్రాయ సేకరణలు జరిగినవి గాని అవి దేశములో విలీనానికి సంబంధించినవి.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దీనితో గ్రామసభకు రాజ్యాంగములో స్థానము లభించినది. గ్రామ ఓటర్ల జాబితాలో పేరు ఉన్న ప్రతివారు గ్రామసభ సభ్యులే. పంచాయతులకు బదలాయించదగిన 29 అంశాలను పదకొండవ షెడ్యూలు పేర్కొన్నది. వాటిలో చిన్న నీటిపారుదల, తాగునీరు, రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు ఉన్నవి. 243-హెచ్ అధికరణము ప్రకారము పన్నులు విధించే అధికారాన్ని రాష్ట్ర శాసనసభ పంచాయతులకు ఇవ్వవచ్చును. 243-ఐ ప్రకారము ఐదేళ్ళకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించవలెను.

పెసా చట్టము

73వ సవరణ ఐదవ షెడ్యూలు ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన ఏర్పడిన సంఘము సిఫారసులను అనుసరించి పార్లమెంటు 1996 డిసెంబరులో పంచాయతుల (షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరణ) చట్టమును చేసినది. ఇదే పెసా చట్టముగా ప్రసిద్ధి పొందినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని దానికి అనుగుణముగా సవరించినది. అమలుకు కావలసిన నియమావళి మాత్రము 2011లో వెలువడినది. అనగా చట్టము వచ్చిన తరువాత నియమాలకు సుమారు పదిహేను సంవత్సరాలు పట్టినది.

ప్రజాపనులకు సంబంధించి పెసాలోని ముఖ్యాంశాలు:

* ఒక ఆవాసము గాని, కొన్ని ఆవాసాల సముదాయము గాని ఒక గ్రామముగా పరిగణింపబడుతుంది. అందువలన గూడెము స్థాయిలోనే గ్రామసభ ఏర్పడే వీలు ఉన్నది.
* సామాజిక, ఆర్థిక అభివృద్ధి ప్రణాళికలను, పనులను పంచాయతీ చేపట్టుటకు ముందు గ్రామసభ ఆమోదించవలెను.
* ఆ పనులకు ఖర్చు చేసిన నిధుల వినియోగ ధ్రువపత్రాన్ని పంచాయతీ గ్రామసభ నుండి పొందవలెను.
* అభివృద్ధి పథకాలకు భూమి సేకరించుటకు ముందు గ్రామసభతో గాని, తగిన స్థాయి పంచాయతీతో గాని సంప్రదించవలెను.
* ఇసుక వంటి చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేక తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి.
* గిరిజన ఉపప్రణాళికతో సహా స్థానిక ప్రణాళికలపై, వాటి వనరులపై నియంత్రణ అధికారము గ్రామసభకు, పంచాయతులకు కల్పించవలెను.
* అన్ని స్థాయిల పంచాయతుల అధ్యక్ష పదవులు షెడ్యూల్డు తెగలకే కేటాయింపబడతాయి.

అటవీ హక్కుల చట్టములోని నిబంధన

అడవి మధ్య ఉన్న గూడేలకు రోడ్డు వేయుటకు నిధులు ఉన్నను అటవీ భూమి అనుమతి లేక పనులు ఆగిపోవుట సాధారణము. 2006 నాటి అటవీ హక్కుల చట్టములోని 3(2) సెక్షను దీనికొక మార్గము చూపినది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌకధరల దుకాణము, విద్యుత్ తీగలు, చెరువులు, తాగునీటి గొట్టాలు, చిన్న కాలువలు, రోడ్లు, సామాజిక భవనము మొదలగు 13 రకాల సదుపాయాల కొరకు అటవీ భూమిని వినియోగించుకొనవచ్చును. ఒక్కొక్క పనికి భూమి ఒక హెక్టారు లోపు ఉండవలెను. నరికే చెట్లు హెక్టారుకు 75కు మించరాదు. అన్నిటికంటె ముఖ్యముగా ఆ పనిని గ్రామసభ సిఫారసు చేయవలెను.

ఈ చట్టపు నియమావళిని 2012లో సవరించినారు. దాని ప్రకారము గ్రామసభ కోరము మొత్తము సభ్యులలో సగము. హాజరైనవారిలో మూడవ వంతు మహిళలు ఉండవలెను. తీర్మానాలు హాజరై ఓటు వేసినవారిలో సాధారణ మెజారిటీతో నెగ్గుతాయి. అటవీ గూడేనికి ఒక చిన్న రోడ్డు రావలెనన్న ప్రజల ఓటు చట్టరీత్యా లెక్కింపబడే సందర్భము ఇది. గ్రామసభ సిఫారసు లేనిదే ఈ సెక్షను కింద అటవీ శాఖ అధికారి అనుమతి ఇచ్చుటకు వీలులేదు. ఒక హెక్టారుకు మించిన పనులకు, పెద్ద వంతెనలకు, జాతీయ రహదారులకు ఈ సెక్షను వర్తించదు. అవి అటవీ సంరక్షణ చట్టము కింద కేంద్రము అనుమతికి వెళ్ళవలసినదే.

నిధులు వచ్చే మార్గాలు

ఏజెన్సీ పంచాయతీ యొక్క సొంత ఆదాయము స్వల్పము. ఇంటి పన్ను, నీటి రుసుము, సంత వేలము వంటివి దాని వనరులు. పెంకుటిండ్లు, పూరిండ్లు ఎక్కువగా ఉన్న గూడెములో ఇంటి పన్నుతో ఒక కల్వర్టును కూడా కట్టుట సాధ్యము కాదు. అందువలన ప్రధాన మార్గాలు పైనుండి వచ్చేవే.

కేంద్ర ఆర్థిక సంఘము గ్రాంట్లు: పద్నాలుగవ ఆర్థిక సంఘము 2015-20 కాలానికి గ్రామ పంచాయతులకు దేశవ్యాప్తముగా రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా సిఫారసు చేసినది. పదిహేనవ ఆర్థిక సంఘము 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు రూ. 2,36,805 కోట్లు సిఫారసు చేసినది. ఇందులో 60 శాతము తాగునీరు, పారిశుద్ధ్యములకే ఖర్చు చేయవలెను. మిగిలిన 40 శాతము స్థానిక అవసరాలకు వాడుకొనవచ్చును. ఈ నిధులకు గ్రామసభ ఆమోదించిన గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఆధారము.

ఉపాధి హామీ నిధులు: 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా నుండి అమలు మొదలుకాగా, వరంగల్ జిల్లా తొలి విడత 200 జిల్లాలలోనే చేరినది. ఈ చట్టము ప్రకారము పనులను గ్రామసభ సిఫారసు చేయవలెను. ఖర్చు రీత్యా కనీసము సగము పనులు గ్రామ పంచాయతీ ద్వారానే జరుగవలెను. సామాగ్రి ఖర్చు 40 శాతానికి మించరాదు. ఈ సామాగ్రి వాటాతోనే అనేక ఊర్లలో సిమెంటు రోడ్లు, పంచాయతీ భవనాలు వచ్చినవి. గ్రామసభ చేసే సామాజిక తనిఖీని చట్టములోనే చేర్చినారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ తనిఖీని పెద్దఎత్తున అమలు జరిపిన రాష్ట్రముగా పేరు పొందినది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టము స్థానములో కొత్త చట్టాన్ని ఆమోదించినది. అందులో పనిదినాలను 100 నుండి 125కు పెంచి, అధిక రాష్ట్రాలు ఖర్చులో 40 శాతము భరించునట్లు ఏర్పాటు చేసినారు.

గిరిజన ఉపప్రణాళిక: జనాభా నిష్పత్తి ప్రకారము బడ్జెటులో గిరిజనులకు వాటా కేటాయించే విధానానికి ఆంధ్రప్రదేశ్ 2013లో చట్టబద్ధత కల్పించినది. తెలంగాణ 2017లో దాని స్థానములో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టము చేసినది. ఏజెన్సీలో ఈ నిధుల పనులు ఎక్కువగా ఐటీడీఏ, గిరిజన సంక్షేమ శాఖ ఇంజనీరింగు విభాగము ద్వారా జరుగుతాయి. రాజ్యాంగము 275(1) అధికరణము కింద కేంద్రము ఇచ్చే గ్రాంటు కూడ దీనికి తోడు అవుతుంది.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన: 2000 డిసెంబరు 25న ప్రారంభమైనది. మైదాన ప్రాంతములో 500 జనాభా గల ఆవాసాలకు, గిరిజన ప్రాంతములో 250 జనాభా గల ఆవాసాలకు అన్ని కాలాలలోను పనికివచ్చే రోడ్డు వేయుట దీని ఉద్దేశ్యము. ఇందులో ఆవాసపు ఎంపికకు జనాభా లెక్కే ప్రధాన కొలమానము.

ఖనిజ నిధులు: గోదావరి తీరములో గిరిజన సహకార సంఘాల ద్వారా ఇసుక తవ్వకానికి గ్రామసభ తీర్మానము అవసరము. 2015 నుండి ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి సంస్థలు షెడ్యూల్డు ప్రాంతాలలో చేపట్టే పనులకు కూడ గ్రామసభ ఆమోదము తీసుకొనవలెను. గ్రామసభ ఓటుకు, ఊరికి వచ్చే ఆదాయానికి నేరుగా సంబంధము ఉన్న అరుదైన సందర్భము ఇసుక. అందువలన ఇసుక విషయమై జరిగే సభలు మిగిలిన సభల కంటె వేడిగా జరుగుతాయి.

తీర్మానము నుండి పని వరకు

సాధారణముగా గ్రామసభ తేదీని పంచాయతీ కార్యదర్శి ముందుగా ప్రకటించి, ఊరిలో చాటింపు వేయిస్తాడు. సభలో ఆ సంవత్సరపు పనుల జాబితా చదువుతారు. ప్రజలు కొత్త పనులు చెప్పినచో చర్చ జరిగి, తీర్మానాల పుస్తకములో వ్రాయబడతాయి. హాజరైనవారు సంతకాలు, వేలిముద్రలు వేస్తారు. తరువాత తీర్మానము మండల పరిషత్తుకు గాని, ఐటీడీఏకు గాని, సంబంధిత ఇంజనీరింగు విభాగానికి గాని వెళ్తుంది. ఇంజనీరు స్థలము చూచి అంచనా తయారు చేస్తాడు. సాంకేతిక అనుమతి, పరిపాలనా అనుమతి లభించి, నిధులు విడుదలైన తరువాతనే పని మొదలగును.

తీర్మానము వ్రాయుటకు ఒక పూట పట్టును. మిగిలిన మెట్లకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పట్టును. ఈ మెట్లలో ఏదైన ఒకటి తిరస్కరింపబడినచో ఆ విషయాన్ని గ్రామసభకు తిరిగి తెలుపుట అరుదు. అందువలన ఒకే వాగు, ఒకే రోడ్డు ప్రతి సంవత్సరపు తీర్మానములోను మరల కనిపించుట జరుగుతుంది.

ఇటువంటి సభల ద్వారా పనులను గుర్తించే ప్రయత్నాలు రాష్ట్ర ప్రభుత్వాలు పలుమార్లు చేసినవి. 1997 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన జన్మభూమి కార్యక్రమములో గ్రామస్థులు పని విలువలో కొంత భాగాన్ని డబ్బుగా గాని, శ్రమగా గాని ఇవ్వవలసి ఉండెను. ప్రజలే పనిని ఎంచుకొని, దాని ఖర్చులో వాటా భరించుట వలన, ఓటు ద్వారా పన్ను ఆమోదించే విదేశీ పద్ధతికి ఇది కొంత దగ్గరగా ఉన్నది. తెలంగాణ ప్రభుత్వము 2014లో మన ఊరు - మన ప్రణాళిక, 2015లో గ్రామజ్యోతి కార్యక్రమాలను చేపట్టినది. 2018 నుండి కేంద్రము ప్రతి సంవత్సరము ప్రజా ప్రణాళిక ప్రచారము పేరుతో గ్రామసభలు జరిపించుచున్నది.

గ్రామసభ పరిధిని దాటిన పనులు

ఏటూరునాగారం ప్రాంతాన్ని ఎక్కువగా మార్చిన నిర్మాణాలు గ్రామసభ తీర్మానముతో వచ్చినవి కావు.

ముల్లకట్ట వంతెన: ఏటూరునాగారం సమీపములో గోదావరిపై నిర్మించిన ఈ వంతెన 2016 జనవరిలో ప్రారంభమైనది. ఇది హైదరాబాదు నుండి వరంగల్, ఏటూరునాగారం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం వెళ్ళే 163వ జాతీయ రహదారిపై ఉన్నది (పూర్వపు సంఖ్య 202). దీనికి ముందు అవతలి ఒడ్డునున్న వాజేడు, వెంకటాపురం వైపు వెళ్ళవలెనన్న పడవ ఎక్కవలసి ఉండెను, లేదా భద్రాచలము వైపు చుట్టు తిరిగి పోవలసి ఉండెను. వంతెన వచ్చిన సంవత్సరములోనే ఆ రెండు మండలాలు పరిపాలనాపరముగా ఇవతలి జిల్లాలో చేరినవి. జాతీయ రహదారి కనుక దీనిపై నిర్ణయము, నిధులు కేంద్రానివి.

దేవాదుల ఎత్తిపోతల పథకము: జె. చొక్కారావు పేరు పెట్టిన ఈ పథకములో గోదావరి నీటిని గంగారం గ్రామము వద్ద ఎత్తిపోస్తారు. ఈ గ్రామము పూర్వము ఏటూరునాగారం మండలములోనిది, తరువాత కన్నాయిగూడెం మండలములో చేరినది. నీరు పూర్వపు వరంగల్ జిల్లాలోని మెట్ట ప్రాంతాలకు, ఇతర కరవు ప్రాంతాలకు పోతుంది. నీటి నిలువ కొరకు దిగువన తుపాకులగూడెం వద్ద సమ్మక్క సాగర్ ఆనకట్టను నిర్మించినారు. రాష్ట్ర బడ్జెటు, కేంద్ర నీటిపారుదల సహాయము దీనికి ఆధారము. పంపుహౌసు, గొట్టాల మార్గము ఏజెన్సీలో ఉండగా ఆయకట్టు చాలా వరకు మైదానములో ఉండుట స్థానికుల అసంతృప్తికి ఒక కారణము.

మేడారం ఏర్పాట్లు: రెండు సంవత్సరాలకొకసారి జరిగే సమ్మక్క-సారలమ్మ జాతర సందర్భముగా తాడ్వాయి, ఏటూరునాగారం పరిసరాలలో రోడ్లకు, జంపన్నవాగు స్నానఘట్టాలకు ప్రభుత్వము ప్రత్యేక నిధులు ఇస్తుంది. జాతర మార్గానికి దూరముగా ఉన్న గూడేలకు ఈ నిధుల వలన కలిగే ప్రయోజనము తక్కువ.

ఎన్నికలు లేనిచోట: మంగపేట

ఓటుకు, నిధులకు గల సంబంధము మరియొక రూపములో ఏటూరునాగారానికి పొరుగున ఉన్న మంగపేట మండలములో కనిపిస్తుంది. ఈ మండలములోని 23 గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతములోనివా కావా అన్న వివాదము చిరకాలము న్యాయస్థానాలలో నడచినది. షెడ్యూల్డు ప్రాంతమైనచో సర్పంచు పదవులన్నియు గిరిజనులకు చెందును, గిరిజనేతరులకు భూమి బదలాయింపుపై నిషేధము వర్తించును. కనుక ఇరుపక్షాలకు దీనిలో గొప్ప ప్రయోజనము ముడిపడి ఉన్నది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఈ గ్రామాలు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములోనివే అని తీర్పు చెప్పినది.

వివాదము కారణముగా ఇక్కడ స్థానిక ఎన్నికలు ఆగిపోయినవి. 2019లో తెలంగాణలోని 539 జిల్లా పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గాలలో 538కి మాత్రమే ఎన్నికల ప్రక్రియ జరిగినది. మిగిలిన ఒక్కటి మంగపేట. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలలో కూడ ఈ మండలము చేరలేదు. ఎన్నికైన పాలకవర్గము ఉన్న స్థానిక సంస్థలకే పదిహేనవ ఆర్థిక సంఘము గ్రాంట్లు ఇవ్వవలెనని షరతు ఉన్నందున, ఎన్నిక లేని ఊరికి సర్పంచు లేకపోవుటయే కాక నిధుల నష్టము కూడ కలుగుతుంది. ప్రత్యేకాధికారుల పాలనలో గ్రామసభ జరిగినను, దాని తీర్మానాన్ని పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగే ప్రతినిధి ఉండడు.

ఇదే స్థితి కొంతకాలము రాష్ట్రమంతటా ఏర్పడినది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలము 2024 జనవరి చివర ముగియగా, తిరిగి ఎన్నికలు 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగినవి. ఈ మధ్యకాలములో పంచాయతులు ప్రత్యేకాధికారుల పాలనలో ఉండి, కేంద్ర గ్రాంట్లకు దూరమైనవి.

ఏకగ్రీవ ప్రోత్సాహకాలు

దీనికి భిన్నముగా, పోటీ లేకుండ సర్పంచును ఎన్నుకొన్న గ్రామాలకు ప్రోత్సాహక నిధులు ఇచ్చే ఆచారము తెలుగు రాష్ట్రాలలో ఉన్నది. 2021 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2,000 లోపు జనాభా గల ఏకగ్రీవ పంచాయతీకి 5 లక్షలు, 5,000 వరకు 10 లక్షలు, 10,000 వరకు 15 లక్షలు, అంతకు మించినచో 20 లక్షల రూపాయలు ప్రకటించినది. ఎన్నికల ఖర్చు, కక్షలు తగ్గునని సమర్థకులు చెప్పుదురు. రోడ్డు కొరకు ఓటును వదులుకొనవలసిన స్థితి ఏర్పడునని, బలవంతుల ఒత్తిడికి అవకాశము కలుగునని విమర్శకులు చెప్పుదురు.

పరిమితులు, విమర్శలు

* గ్రామసభ ఆమోదము పనికి అవసరమే గాని, నిధులకు హామీ కాదు. ఆమోదించిన పనికి ఇన్ని రోజులలో డబ్బు ఇవ్వవలెనన్న నిబంధన లేదు.
* షరతులతో వచ్చే నిధులలో పని రకము ముందే నిర్ణయమై ఉంటుంది. కల్వర్టు కావలసిన గూడేనికి మురుగు కాలువ మంజూరు కావచ్చును.
* పని రోజులలో సభ పెట్టినచో కూలికి పోయేవారు హాజరు కాలేరు. కోరము లేకయే సంతకాలు సేకరించుట గురించి ఫిర్యాదులు సాధారణము.
* తీర్మానాలు, అంచనాలు గ్రంథస్థ తెలుగులో గాని ఆంగ్లములో గాని ఉంటాయి. కోయ భాష మాట్లాడే వృద్ధులకు అవి అందవు.
* ఓటర్ల జాబితాయే సభ్యత్వానికి ఆధారము గనుక, ఓటు నమోదు కాని గుత్తికోయ కుటుంబాలు తమ గూడేనికి నీరు, దారి అడుగుటకు సభలో స్థానము పొందలేవు.
* రెండు మూడు పంచాయతులకు ఉమ్మడిగా అవసరమైన వాగు వంతెనను ఏ ఒక్క గ్రామసభయు తన పనిగా చేపట్టజాలదు. ప్రాంతీయ స్థాయిలో ప్రజల నిర్ణయాన్ని కూర్చే వేదిక లేదు.

మరియొక వైపు గ్రామసభ తీర్మానానికి విలువ లేదనుట కూడ సరికాదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి ఒడిషాలోని నియమగిరి ప్రాంతములో 12 గ్రామసభలు జరిగినవి. అవి అన్నియు బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించగా ఆ ప్రాజెక్టు ఆగిపోయినది. కొండలపై గ్రామసభ మాట చెల్లినది. ఒక పనిని ఆపుటకు గ్రామసభకు ఉన్న బలము, ఒక పనిని రప్పించుటకు లేదన్నది ఈ రెండు అనుభవాలను పోల్చిన పిమ్మట తెలియును.

పోలిక

* నిర్ణయించేది: బ్యాలెట్టు పద్ధతిలో కౌంటీ లేక దేశములోని ఓటర్లు, గ్రామసభ పద్ధతిలో ఒక గ్రామము లేక గూడెము ఓటర్లు.
* ఓటు విధానము: మొదటిదానిలో రహస్య ఓటు, రెండవదానిలో బహిరంగ సభ, చేతులెత్తుట లేక సంతకము.
* ఓటు విషయము: మొదటిదానిలో పన్ను లేక రుణము, దానితో చేయు పనులు, రెండవదానిలో పని మాత్రమే.
* నిధుల హామీ: మొదటిదానిలో ఉన్నది, రెండవదానిలో లేదు.
* ఖర్చుపై తనిఖీ: మొదటిదానిలో పర్యవేక్షక సంఘాలు, ఆడిటు, రెండవదానిలో సామాజిక తనిఖీ, పెసా ప్రకారము వినియోగ ధ్రువపత్రము.
* భారము: మొదటిదానిలో ఆ ప్రాంత ప్రజలపై, రెండవదానిలో కేంద్ర, రాష్ట్ర ఖజానాలపై. పేద ప్రాంతానికి ఇది గ్రామసభ పద్ధతిలోని మేలు. ఏటూరునాగారం వంటి ప్రాంతము తన పన్నులతో తన వంతెనలను కట్టుకొనవలసి వచ్చినచో వాటిలో చాలా వరకు ఎన్నటికిని పూర్తి కావు.

ఇవి కూడా చూడండి

* ఏటూరునాగారం మండలము
* ములుగు జిల్లా
* గ్రామ పంచాయతీ
* 73వ రాజ్యాంగ సవరణ
* ఐదవ షెడ్యూలు
* దేవాదుల ఎత్తిపోతల పథకము
* సమ్మక్క సారలమ్మ జాతర